వీలునామా సరిగ్గా రాయడం ఎలా: ఆస్తుల లిస్టు నుంచి సాక్షుల సంతకాల దాకా

స్టాంపు పేపర్ల మీదే రాయాలా? రిజిస్టర్ చేయించకపోతే చెల్లదా? లాయరు ఉండి తీరాలా? వీలునామా మాట ఎత్తగానే అందరూ అడిగేది ఈ మూడే. మూడింటికీ అక్కర్లేదనే జవాబు. తెల్లకాగితం మీద, మీ చేతిరాతతో, మీకు వచ్చిన తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది. అయితే చెల్లడం వేరు, రేపు ఎవరైనా కోర్టుకెక్కినప్పుడు నిలబడడం వేరు. గొడవ ఎక్కువగా మొదలయ్యేది సాక్షుల దగ్గర, సంతకాల దగ్గర, అర్థం కాని ఆస్తి వివరాల దగ్గర. అందుకే వాటి గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

కింద ఉన్నదంతా భారతదేశంలో ఉన్న ఆస్తుల గురించి, ముఖ్యంగా 1925 భారతీయ వారసత్వ చట్టం ప్రకారం. ముస్లింల నియమాలు వేరుగా ఉంటాయి, వాటిని సందర్భం వచ్చిన చోట చెప్పాను.

1. రాయకపోతే ఏమవుతుందో ముందు లెక్కేసుకోండి

"నేను పోయాక ఎలాగూ అంతా మా ఆవిడకే కదా" అనుకునేవాళ్లు చాలామంది. కాదు. హిందువైన మగాయన వీలునామా లేకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లికి సమాన వాటాలుగా పోతుంది. తండ్రి ఆ మొదటి వరుసలోనే లేడు. ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకోండి, భార్యకు వచ్చేది నాలుగో వంతు. ఇల్లు అమ్మాలంటే అందరూ సంతకాలు పెట్టాలి, పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి.

ఆడవాళ్ల విషయంలో ఇంకా చిత్రంగా ఉంటుంది. భర్త పోయి, పిల్లలు లేని హిందూ మహిళ వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె సొంత సంపాదన మొదట భర్త తరఫు వారసులకు పోతుంది, కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే (అదే చట్టం, సెక్షన్ 15). అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు వెళ్తుంది. కాబట్టి సొంతంగా సంపాదించుకుంటూ, పిల్లలు లేని ఆడవాళ్లు, వయసు ముప్ఫై అయినా సరే, అందరికంటే ముందు వీలునామా రాసి పెట్టుకోవాలని నా అభిప్రాయం.

వీలునామా రాయడానికి ఉండాల్సినవి రెండే. 18 ఏళ్లు నిండాలి, రాసే సమయానికి మనసు స్థిమితంగా ఉండాలి.

2. మీరు రాయగలిగేది ఏది, రాయలేనిది ఏది

స్వార్జితం మొత్తం మీ ఇష్టం. కొడుక్కి రాయొచ్చు, పక్కింటాయనకు రాయొచ్చు, అనాథాశ్రమానికి రాయొచ్చు.

పిత్రార్జితంలో, అంటే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, మీ వాటా వరకే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత అందులో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. "మా తాతల నాటి పొలం మొత్తం చిన్నోడికి" అని రాస్తే అది మీ వాటా మేరకే పనిచేస్తుంది, మిగతాది గొడవల ఖాతాలోకి పోతుంది. ఏది స్వార్జితం, ఏది పిత్రార్జితం అన్నది తేలకపోతే లాయరుకు ఫీజు ఇవ్వాల్సింది ఇక్కడే, వీలునామా టైపు చేయించడానికి కాదు.

భార్య పేరున రిజిస్టరైన ఇల్లు భార్యదే. డబ్బులు మీరు కట్టినా సరే దాన్ని మీ వీలునామాలో రాయకండి, ఆవిడ వీలునామాలో ఆవిడ రాసుకోవాలి. ఇద్దరి పేరునా ఉంటే ఎవరి వాటా వాళ్లు రాసుకోవాలి. భార్యాభర్తలు కలిసి ఒకే వీలునామా రాయడం నేనైతే వద్దంటాను. ఒకరు పోయాక రెండో వాళ్లు దాన్ని మార్చగలరా లేదా అన్నదే పెద్ద తగువవుతుంది.

ముస్లింలు అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోను మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే వీలునామా ద్వారా ఇవ్వగలరు. అంతకు మించినా, వారసుల్లో ఒకరికే రాసినా మిగతా వారసులు ఒప్పుకోవాలి.

3. నామినీ ఉన్నారని వదిలేయకండి

బ్యాంకులో నామినీ పేరు రాశాం కాబట్టి ఆ డబ్బు ఆయనదే అనుకోవడం పెద్ద అపోహ. నామినీ డబ్బు తీసుకుని అసలైన వారసులకు అప్పగించాల్సిన మనిషి. షేర్ల విషయంలోనూ ఇంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చి చెప్పింది. బీమా పాలసీలకు మాత్రం కొంత మినహాయింపు ఉంది. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుంది.

ఏం చేయాలంటే, నామినీ పేరు, వీలునామాలో పేరు ఒకటే ఉండేలా చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు కాబట్టి ఇది ఇదివరకంత కష్టం కాదు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో నామినీగా నాన్నగారో, అన్నయ్యో అలాగే ఉండిపోతారు, వాటిని ముందు చూడండి.

4. ఆస్తుల లిస్టు తయారు చేయండి

ఎవరికి ఏమివ్వాలన్న ఆలోచన పక్కన పెట్టి, ముందు ఏమున్నాయో రాయండి. ఒక ఆదివారం బీరువా తెరిచి, దస్తావేజులన్నీ మంచం మీద పరిచి కూర్చోవాల్సిన పని ఇది.

- ఇల్లు, స్థలం, ఫ్లాటు: దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, డోర్ నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు
- పొలం: గ్రామం, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, పాసుపుస్తకం ఖాతా నంబరు
- బ్యాంకు ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పోస్టాఫీసు పొదుపులు, లాకరు
- షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్ ఖాతా
- బీమా పాలసీలు, పీఎఫ్
- బంగారం, వెండి (వస్తువు, సుమారు బరువు)
- వాహనాలు, వ్యాపారంలో వాటా
- మీకు రావాల్సిన అప్పులు, ప్రోనోట్లు
- మీరు కట్టాల్సిన అప్పులు, హామీ సంతకాలు

ఆఖరిది మర్చిపోకండి. మీ ఆస్తిలోంచి ముందు అప్పులు తీరాకే మిగిలింది వీలునామా ప్రకారం పంచుతారు. హోమ్ లోన్ ఉన్న ఫ్లాటు కూతురికి రాస్తే, ఆ లోన్ ఎవరు కట్టాలో కూడా రాయాలి.

పొలమూ ఇళ్లూ ఉన్నవాళ్లు ఈ దశలోనే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే ధ్రువపత్రం) తీసి చూసుకోవడం మంచిది. పాత దస్తావేజులో ఒక సర్వే నంబరు, పాసుపుస్తకంలో ఇంకో నంబరు ఉంటే దాన్ని ఇప్పుడు మీరు సరిచేయించుకోవడం తేలిక, రేపు పిల్లలు తిరగడం నరకం.

పాస్‌వర్డ్‌లు, పిన్ నంబర్లు వీలునామాలో రాయకండి. దాన్ని తర్వాత చాలామంది చూస్తారు.

5. ఎవరికి, ఎలా అన్నది తేల్చుకోండి

ఇక్కడ తొందర వద్దు. ఈ ప్రశ్నలు వేసుకోండి.

మీరు రాసిన మనిషి మీకంటే ముందే పోతే? "మా అన్నయ్యకు, ఒకవేళ ఆయన నాకంటే ముందు మరణిస్తే ఆయన కూతుళ్లిద్దరికీ సమానంగా" అని రెండో వరుస కూడా రాయండి.

ఒకే ఇల్లు, ముగ్గురు పిల్లలు అయితే? "ముగ్గురికీ సమానంగా" అని రాసి చేతులు దులుపుకుంటే ఒకరు అమ్ముదామంటారు, ఒకరు ఉంచుదామంటారు, ఒకరు అందులోనే కాపురం ఉంటారు. అమ్మి పంచుకోవాలా, ఒకరు ఉంచుకుని మిగతా ఇద్దరికి డబ్బు కట్టాలా, కడితే ధర ఎలా కట్టాలి, ఎన్నాళ్లలో కట్టాలి, అన్నీ రాయండి.

"నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం కొడుకులకు" అనే వాక్యం మన వీలునామాల్లో ఎప్పటి నుంచో నడుస్తోంది. ఇది చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలిగేది ఇదే. భార్యకు భరణం హక్కు కింద ఇచ్చిన ఆస్తి, అనుభవ హక్కు మాత్రమే అని కాగితంలో రాసినా, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 వల్ల ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామా ద్వారా ఇస్తే ఏది వర్తిస్తుందన్నది ఒక్కో కేసును బట్టి ఉంటుంది. ఆవిడకే పూర్తిగా ఇవ్వాలనుకుంటే "దాన, వినిమయ, విక్రయాది సర్వహక్కులతో" అని తేటగా రాయండి. అనుభవ హక్కే ఇవ్వాలనుకుంటే ఆ ఒక్క పేరా లాయరు చేత రాయించండి, సొంత ప్రయోగాలు వద్దు.

ఒకరికి ఏమీ ఇవ్వడం లేదా? ఆ పేరు దాటవేయకండి. "నా పెద్ద కుమారుడికి చదువుకు, వ్యాపారానికి ఇప్పటికే ఇచ్చాను, అందువల్ల ఈ వీలునామాలో వాటా ఇవ్వడం లేదు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పేరే లేకపోతే, మతి తప్పి మర్చిపోయాడని వాదించడానికి వాళ్లకు మీరే దారి ఇచ్చినట్టు. తిట్లు, పాత కక్షలు మాత్రం రాయకండి.

పిల్లలు మైనర్లైతే వాళ్ల ఆస్తిని ఎవరు చూసుకోవాలో పేరు రాయండి.

ఇక చివరి పేరా, చాలామంది వదిలేసేది: "పైన చెప్పనివి, ఇకపై నాకు వచ్చేవి అయిన మిగతా ఆస్తులన్నీ ఫలానా వారికి." ఇది లేకపోతే వీలునామా రాశాక మీరు కొన్న స్థలానికి మళ్లీ మొదటి అంచెలో చెప్పిన వాటాల లెక్కే వర్తిస్తుంది.

6. అమలు చేసే మనిషిని ఎంచుకోండి

ఎగ్జిక్యూటర్ అంటే మీ తదనంతరం అప్పులు తీర్చి, ఆస్తులు అప్పగించే మనిషి. కొడుకో కూతురో కూడా ఉండొచ్చు, అందులో ఆస్తి వచ్చేవాళ్లైనా ఫరవాలేదు. మీకంటే చిన్నవాళ్లై ఉండాలి, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి, పిల్లలందరూ కాస్తయినా మాట వినే మనిషై ఉండాలి. ముందు అడిగి ఒప్పించండి. ఇంకో పేరు కూడా రాసి పెట్టండి.

7. కాగితం మీద పెట్టడం

వరుస ఇలా ఉంటే చదివేవాళ్లకు తికమక ఉండదు.

1. తేదీ, ఊరు, మీ పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా
2. "ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను, ఇదే నా చివరి వీలునామా"
3. పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా రాస్తున్నానన్న మాట
4. కుటుంబ సభ్యుల పేర్లు, వరుసలు
5. ఎగ్జిక్యూటర్
6. ఏ ఆస్తి ఎవరికి (ఆస్తి వివరాలు చివర షెడ్యూలులో)
7. మిగతా ఆస్తుల పేరా
8. మీ సంతకం, సాక్షుల సంతకాలు

"ఊళ్లో పొలం పెద్దాడికి" అని రాస్తే ఇప్పుడు మీకూ వాడికీ అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత తహసీల్దార్ ఆఫీసులో కాగితం పట్టుకున్న మనిషికి ఊరేదో, పొలమేదో, పెద్దాడెవడో తెలియదు. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, ఇంట్లో పిలిచే పేరు వేరైతే "అలియాస్" అని చేర్చండి.

గ్రాంథికం అవసరం లేదు. మీకే అర్థం కాని భాషలో డాక్యుమెంట్ రైటర్ రాసిచ్చిన దాని మీద సంతకం పెట్టకండి. ఇంగ్లిష్ రాని మనిషి ఇంగ్లిష్ వీలునామా మీద సంతకం చేస్తే, అందులో ఏముందో ఆయనకు తెలుసా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

వాట్సాప్ వాయిస్ మెసేజ్, వీడియో, ఈమెయిల్, డిజిటల్ సంతకం పెట్టిన ఫైలు, వీటిలో ఏదీ వీలునామా కాదు. సమాచార సాంకేతిక చట్టమే వీలునామాలను తన పరిధిలోంచి పక్కన పెట్టింది. నోటిమాట వీలునామా ముస్లింలకు, యుద్ధ విధుల్లో ఉన్న సైనికుల్లాంటి కొందరికి మాత్రమే చెల్లుతుంది.

8. సంతకాల రోజు

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది ఇదే. చట్టం అడిగేది 1925 భారతీయ వారసత్వ చట్టం సెక్షన్ 63లో ఉంది. మీరు సంతకం లేదా వేలిముద్ర వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం కళ్లారా చూడాలి, లేదా అది మీ సంతకమేనని మీ నోటితో వినాలి. తర్వాత ఆ ఇద్దరూ మీ ఎదురుగా సంతకం పెట్టాలి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనదు, కానీ ఉంచండి, ఒకే గదిలో, ఒకే సమయంలో. మీరు సంతకం పెట్టేసి, కాగితాన్ని పక్కింటికి పంపి "ఇక్కడో సంతకం పెట్టండి" అనిపిస్తే ఆ వీలునామా పోయినట్టే.

సాక్షులుగా ఎవరు? వీలునామాలో ఏ ఆస్తీ రాని వాళ్లు. క్రైస్తవులకైతే సాక్షికి గానీ, సాక్షి భార్యకో భర్తకో గానీ రాసిన ఆస్తి అసలు చెల్లదు. హిందువులకు ఈ నియమం వర్తించకపోయినా, ఇల్లు ఎవరికి వస్తుందో ఆయనే సాక్షి అయితే జడ్జిగారికి అనుమానం రాకుండా ఉంటుందా?

ఇంకో సంగతి. వీలునామాను కోర్టులో రుజువు చేయాలంటే, బతికున్న సాక్షి ఉంటే కనీసం ఒక్కరినైనా పిలిచి చెప్పించాలి. కాబట్టి మీ ఈడు స్నేహితుల్ని కాకుండా మీకంటే పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవాళ్లను, ఊరు వదిలి వెళ్లిపోయే అవకాశం తక్కువున్న వాళ్లను పెట్టండి. వాళ్ల పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి. వీలునామాలో ఏముందో సాక్షులకు చదివి వినిపించాల్సిన పని లేదు, వాళ్లు సాక్ష్యం చెప్పేది మీ సంతకం గురించే.

సంతకాల రోజు చూసుకోవాల్సినవి:

- ప్రతి పేజీకి నంబరు, ప్రతి పేజీ కింద మీ సంతకం, బ్యాంకులో పెట్టే సంతకమే
- ఖాళీ జాగాలు లేవు, కొట్టివేతలు లేవు (ఉంటే పక్కనే మీదీ, సాక్షులిద్దరిదీ సంతకాలు)
- తేదీ వేశారు
- సాక్షులు "మా ఎదుట సంతకం చేశారు" అన్న వాక్యం కింద సంతకం పెట్టారు
- చదవడం రాని మనిషైతే, మొత్తం చదివి వినిపించామని రాసి, చదివిన వ్యక్తి సంతకం
- పెద్ద వయసైతే, ఆరోగ్యం అంత బాగోలేకపోతే, అదే రోజు తేదీతో డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్

డాక్టరు సర్టిఫికెట్ చట్టం అడిగేది కాదు, వీడియో కూడా అంతే. కానీ ఒక బిడ్డకే ఎక్కువ రాస్తున్నప్పుడు రెండూ పెట్టుకోండి. వీడియోలో ఆ ఎక్కువ వాటా వచ్చే బిడ్డ గదిలో కనిపించకూడదు. లాయరును పిలవడం, సాక్షుల్ని తేవడం, పెన్ను అందించడం దాకా అన్నీ ఆ బిడ్డే చేస్తే కోర్టులు దాన్ని అనుమానాస్పద పరిస్థితి అంటాయి. ఆ అనుమానం తీర్చే భారం వీలునామా చూపించే వాళ్ల మీదే పడుతుంది.

9. రిజిస్టర్ చేయించాలా?

తప్పనిసరి కాదు. నా మాట అడిగితే, ఇల్లూ పొలం ఉన్నవాళ్లు చేయించుకోండి. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రమే. రాసిన ఇన్ని నెలల్లోపు చేయించాలన్న గడువు కూడా లేదు. సాక్షులిద్దరినీ తీసుకుని, గుర్తింపు కార్డులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. కదల్లేని స్థితిలో ఉంటే అర్జీ పెట్టుకుని అధికారిని ఇంటికి పిలిపించుకోవచ్చు.

లాభం ఏమిటంటే, కాగితం పోయినా నకలు దొరుకుతుంది, సంతకం ఫోర్జరీ అనడం కష్టమవుతుంది. అందరికీ తెలిసిపోతుందని టెన్షన్ వద్దు, మీరు బతికుండగా ఆ నకలు మీకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వరు.

అలాగని రిజిస్టరైతే ఇక తిరుగు లేదనుకోకండి, దాని మీదా కేసులు పడతాయి. తర్వాత తెల్లకాగితం మీద సరిగ్గా రాసిన వీలునామా ముందటి రిజిస్టర్డ్ వీలునామాను రద్దు చేస్తుంది. కోర్టు నుంచి ప్రొబేట్ (వీలునామా సరైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెచ్చుకోవడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తప్పనిసరి కాదు.

10. ఎక్కడ దాచాలి

బ్యాంకు లాకరులో వద్దు. మీ ఒక్కరి పేరునే లాకరు ఉంటే, దాన్ని తెరవడానికే మీ వాళ్లు కాగితాల కోసం తిరగాలి. ఇంట్లో బీరువాలో పెట్టి, ఫలానా చోట ఉందని ఎగ్జిక్యూటర్‌కు, ఇంకొకరికి చెప్పండి. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే సౌకర్యం కూడా ఉంది. ఇంట్లో దొరికితే చింపేస్తారన్న భయం ఉన్నవాళ్లకు అది బాగా పనికొస్తుంది.

11. ఎప్పుడు మార్చాలి

బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చిన్న మార్పైతే అనుబంధ వీలునామా, దానికీ ఇద్దరు సాక్షులు కావాలి. రెండు మూడు మార్పులుంటే మొత్తం కొత్తగా రాసి, పాతది రద్దని రాసి, పాత కాగితాన్ని చింపేయండి. ఒరిజినల్ మీద పెన్నుతో దిద్దకండి.

మళ్లీ తీసి చూడాల్సిన సందర్భాలు:

- పెళ్లి, విడాకులు, బిడ్డ పుట్టడం
- వీలునామాలో పేరున్నవాళ్లో, ఎగ్జిక్యూటరో, సాక్షో చనిపోవడం
- అందులో రాసిన ఆస్తి అమ్మేయడం (అమ్మిన ఇంటి బదులు ఇంకోటి దానంతట అది రాదు)
- పెద్ద ఆస్తి కొనడం

పెళ్లి గురించి ఒక్కమాట. క్రైస్తవులు, పార్సీలు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. హిందువులకు అలా కాదు. పాతికేళ్లప్పుడు అంతా తమ్ముడికి రాసి, తర్వాత పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఆ కాగితం సంగతే మర్చిపోతే, అది ఇంకా అమల్లోనే ఉంటుంది. అలాంటిది మీ బీరువాలో ఉంటే ఈ వారమే కొత్తది రాసి సంతకాలు పెట్టించండి.